25 గెలుపులు చాలవా?

"సరిపోతాడా?" అనే మాట మన ఇళ్ళల్లో పెళ్ళిసంబంధాల వేళ ఎక్కువగా వినిపిస్తుంది. కుర్రాడు బుద్ధిమంతుడే, ఉద్యోగం వుంది, వంశంలో వంకపెట్టడానికేమీ లేదు. అయినా ఓ మూల కూర్చుని తమలపాకు ఈనె తీస్తూ మేనత్తగారు, "అంతా బాగానే వుందిగాని, మన పిల్లకు సరిపోతాడంటావా?" అంటుంది. ఎందుకు సరిపోడో ఆవిడ చెప్పదు. ఎందుకు సరిపోతాడో చెప్పుకునే అవకాశం ఆ కుర్రాడికి ఎవరూ ఇవ్వరు.

అమెరికాలో ఏటా ఆగస్టు నెలాఖరు మొదలు జనవరి దాకా ఈ ప్రశ్న ఊరూరా వినిపిస్తూనే వుంటుంది. పెళ్ళికొడుకు గురించి కాదు, కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడే కుర్రాడి గురించి.

ఫుట్‌బాల్ అన్నాను గదా అని మన మైదానాల్లో పిల్లలు కాళ్ళతో తన్నుకునే బంతాట అనుకునేరు. దాన్ని వాళ్ళు సాకర్ అంటారు. కాలు ఎప్పుడోగాని బంతికి తగలని ఆటకేమో ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకున్నారు. పేర్ల విషయంలో వాళ్ళతో వాదించి లాభం లేదు. బంతి గుండ్రంగా వుండదు, రెండు కొసలూ మొనదేరి వుంటుంది. జట్టుకు 11 మంది. బంతి చేతిలో వున్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. ఇంచుమించు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దాన్ని పక్కవాడికి అందించడమా, తానే చంకన పెట్టుకుని పరుగెత్తడమా, దూరాన పరుగెడుతున్న తనవాళ్ళలో ఒకడికి విసరడమా అన్నది అతడు మూడు నాలుగు క్షణాల్లో తేల్చుకోవాలి. తేల్చుకునే లోపల 120 కిలోలు పైబడిన మనుషులు కొందరు అతన్ని నేలకేసి కొట్టడానికి వస్తుంటారు.

అందుకని జట్టు గెలిస్తే మొదటి దండ అతని మెడలో పడుతుంది, ఓడితే మొదటి తిట్టూ అతనికే.

ఈ విషయం నాకు ఎలా తెలిసిందంటే, మా మేనల్లుడు టస్కలూసాలో చదువుకున్నాడు. అది అలబామా రాష్ట్రంలో చిన్న పట్నం. జనాభా లక్ష పైచిలుకు. అక్కడి యూనివర్సిటీ వాళ్ళ స్టేడియంలో కూడా లక్షమంది పడతారు! అంటే ఆట రోజున ఊరు ఊరంతా లేచివచ్చి కూర్చున్నా చోటు దొరుకుతుందన్నమాట. 2017లో నేనూ మా ఆవిడా వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు, వాడూ, వాడి గదిలో వుండే వరంగల్ అబ్బాయీ రెండు రోజులనుంచి మాట్లాడుకోవడం లేదు. చెరో పొయ్యిమీద చెరో పప్పు ఉడుకుతున్నది. ఆస్తి తగాదా ఏదైనా వుందేమోనని భయపడ్డాం. తీరా ఆరా తీస్తే తగాదా జేలెన్ హర్ట్స్ అనే కుర్రాడి గురించి. వరంగల్ అబ్బాయి వాణ్ణి మార్చకూడదంటాడు, మావాడు మార్చాలంటాడు.

"వాడేం తప్పు చేశాడురా?" అని అడిగాను.

"తప్పేమీ చెయ్యడు మావయ్యా, అదే వాడితో వచ్చిన చిక్కు" అన్నాడు మావాడు.

ఆ మాట అప్పుడు నాకు తలతిక్కగా అనిపించింది. తరవాత ఆలోచిస్తే అసలు తగాదా అంతా అందులోనే వుంది.

హర్ట్స్‌ది టెక్సస్ రాష్ట్రంలో హ్యూస్టన్ పక్కనున్న ఛానల్‌వ్యూ. తండ్రి అక్కడి హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్, కొడుక్కి ఆట నేర్పింది ఆయనే. 2016లో అలబామా జట్టులో చేరేనాటికి పిల్లవాడికి 17 ఏళ్ళు. ఆ సెప్టెంబరులో మొదటి ఆటకు బ్లేక్ బార్నెట్ అనే అతన్ని క్వార్టర్‌బ్యాక్‌గా దింపారు. అతను సాగకపోతే హర్ట్స్‌ను పంపారు. దిగీ దిగగానే మొదటి బంతే చేజార్చాడు! అయినా తీసెయ్యలేదు. ఆ ఆట 52-6తో గెలిచారు. బార్నెట్ నెల తిరక్కుండా జట్టు విడిచి వెళ్ళిపోయాడు. అతని గురించి ఎవరూ కన్నీళ్ళు పెట్టుకున్నట్టు లేదు. అంటే హర్ట్స్‌కు ఆ చోటు దక్కింది కూడా ఇంకొకడు సరిపోడని తేలినప్పుడేనన్నది మరిచిపోకూడదు.

ఆ ఏడాది వరసగా గెలుస్తూ పోయి, 2017 జనవరిలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఆటలో క్లెమ్సన్ చేతిలో 35-31తో ఓడారు. ఆ ఓటమీ అతని మూలాన వచ్చింది కాదు. రెండు నిమిషాల ఆట మిగిలి వుండగా తానే 30 గజాలు పరుగెత్తి జట్టును ముందుకు తెచ్చాడు. ఇక ఒక్క సెకను వుందనగా అవతలివాళ్ళు గెలుపు లాక్కున్నారు. మరుసటి ఏడాది ఆబర్న్ చేతిలో ఇంకో ఓటమి. 2018 జనవరిలో మళ్ళీ ఛాంపియన్‌షిప్ ఆటకు వచ్చేసరికి అతని లెక్క ఇది: 25 గెలుపులు, 2 ఓటములు. పరీక్షల్లో ఈ పాళ్ళలో మార్కులు తెచ్చుకున్న కొడుకును ఏ తండ్రీ ట్యూషన్‌కు పంపడు.

అయినా రేడియోలో రచ్చ ఆగలేదు. పాల్ ఫైన్‌బామ్ అని ఒకాయన నడిపే కార్యక్రమం వుంది. అలబామా జనం ఫోన్లు చేసి గంటల తరబడి మొరపెట్టుకుంటారు. మన గ్రామాల్లో కంట్రాక్టు నాటకాలు ఆడే రోజుల్లో, ఒకే రాత్రి ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు వేషం కట్టేవారు. ఏ కృష్ణుడి పద్యం గొప్పదని అరుగులమీద నెలల తరబడి పోట్లాడుకునేవారు. ఆ అరుగుకు లౌడ్‌స్పీకరు పెడితే ఎలా వుంటుందో ఈ రేడియో అలా వుంటుంది. తేడా ఏమిటంటే మన కృష్ణులు మీసాలు గొరిగిన పెద్దమనుషులు, డబ్బు పుచ్చుకుని ఆడేవారు. ఇక్కడ తీర్పు చెప్పించుకుంటున్నది పరీక్షలు రాసుకునే పిల్లవాడు. అప్పటి నిబంధనల ప్రకారం వాడికి ముట్టేది చదువు, బస, తిండి, చిల్లరఖర్చులు. కోచ్ నిక్ సేబన్‌కు మాత్రం ఏడాదికి కోటి డాలర్ల పైచిలుకు.

హర్ట్స్ పక్షం వాళ్ళది తేలికైన వాదం: గెలుస్తున్నాడు, ఇంకేం కావాలి? ఎదుటి పక్షంది వినడానికి కాస్త ఓపిక కావాలి. 2017 సీజను మొత్తంమీద అతడు విసిరిన బంతుల్లో అవతలివాళ్ళ చేత చిక్కింది ఒక్కటంటే ఒక్కటి. తనవాళ్ళకు అందించి గెలుపుగీత దాటించినవి 17. ఎంత జాగ్రత్త! కాని ఆ జాగ్రత్తే రోగమన్నారు వాళ్ళు. దూరాన మనిషి ఖాళీగా కనపడినా విసరడు, చూసి చూసి బంతి పట్టుకుని పరుగెత్తుతాడు. మామూలు జట్లమీద అది చెల్లుతుంది, ఎందుకంటే అలబామా రక్షణవరస రాతిగోడ, అవతలివాళ్ళను ముందుకు రానివ్వదు. సమవుజ్జీ ఎదురైననాడు, పది పాయింట్లు వెనకపడిననాడు, ఉప్పెక్కువవుతుందేమోనని అసలు ఉప్పే వెయ్యని వంటవాడితో పెళ్ళి గట్టెక్కుతుందా? అదీ వాళ్ళ ప్రశ్న.

నన్నడిగితే ఇది కొట్టిపారేయవలసిన వాదం కాదు. గెలుపులన్నీ ఒకడి ఖాతాలో రాయడం ఎంత అన్యాయమో, ఓటములు రాయడమూ అంతే అన్యాయం. 11 మంది మోసిన పల్లకీ అది. ఆ 25 అంకెను తీసి పక్కనపెట్టి, కుర్రాడు బంతి పట్టుకున్నప్పుడు ఏం చూస్తున్నాడు, ఏం చూడటం లేదు అని అడగటం ఆట తెలిసినవాళ్ళు అడగవలసిన ప్రశ్నే. ఫోన్లు చేసేవాళ్ళలో సగంమంది అడిగేది మాత్రం అది కాదు. వాళ్ళకు మొన్న ఓడిన ఆట తాలూకు కోపం తీరాలి, అంతే.

2018 జనవరి 8. అట్లాంటాలో ఛాంపియన్‌షిప్ ఆట, ఎదుట జార్జియా జట్టు. మన లెక్కకు 9వ తేదీ పొద్దున. మేమప్పటికి ఇంటికి తిరిగివచ్చాం. కాఫీల వేళకు సగం ఆట అయింది. జార్జియా 13, అలబామా సున్న. హర్ట్స్ ఎనిమిదిసార్లు విసిరితే మూడు చేరాయి, వచ్చినవి 21 గజాలు.

విరామం తరవాత మైదానంలోకి వచ్చింది హర్ట్స్ కాదు. టువా టంగోవైలోవా అనే హవాయి కుర్రాడు, ఎడమచేతివాటం, యూనివర్సిటీలో అడుగుపెట్టి ఏడాది కాలేదు. అంతకుముందు గెలుపు ఖాయమైపోయిన ఆటల్లో చివర కాసేపు ఆడినవాడే తప్ప, ఒక్క ఆటా మొదటినుంచి ఆడినవాడు కాడు. ఇద్దరికీ 19 ఏళ్ళే. ఆ మాటకొస్తే ఈ కొత్తవాడే అయిదు నెలలు పెద్ద.

ఇక్కడొక సంగతి గమనించండి. టువా దిగిన కొద్దిసేపటికే ఒక బంతి అవతలివాళ్ళ చేతికి ఇచ్చాడు. హర్ట్స్ ఏడాది మొత్తానికి చేసిన తప్పును ఇతడు సగం ఆటలో చేసేశాడు! సేబన్ అతన్ని తీసెయ్యలేదు. తప్పుచేసినా మళ్ళీ విసిరేవాడు ఆనాడు ఆయనకు కావాలి. ఆట 20-20 దగ్గర ఆగింది. చివరి క్షణంలో అలబామావాళ్ళు 36 గజాల దూరంనుంచి తన్నిన బంతి గురితప్పింది గాని, లేకపోతే అక్కడే గెలిచివుండేవారు. అదనపు ఆటలో జార్జియా 51 గజాలనుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకుంది. అలబామా వంతు వచ్చింది. మొదటి ప్రయత్నంలోనే టువా దొరికిపోయి 16 గజాలు వెనక్కి పోయాడు. అనుభవం వున్నవాడైతే బంతి అవతల పారేసి వుండేవాడు. ఇంక రెండో ప్రయత్నం, 26 గజాలు కావాలి. మరుక్షణం డివాంటా స్మిత్ అనే మరో కుర్రాడికి 41 గజాలు విసిరాడు. ఆట ముగిసింది, 26-23.

ఫోనులో మావాడి కేకలకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సంగతి విని, ఆమె అడిగింది ఒక్కటే. "ఆ మొదటి పిల్లాడు ఏం చేస్తున్నాడు?"

వాడి సమాధానానికి కాస్త వ్యవధి పట్టింది. "గీత పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాడత్తయ్యా."

నిజమే. ఆ రాత్రి హర్ట్స్ టువాను కావిలించుకున్నాడు, విలేకరుల ముందు మెచ్చుకున్నాడు. ముఖం ముడుచుకున్న ఫొటో ఒక్కటీ దొరకలేదు, పత్రికలవాళ్ళు వెతకలేదనుకోను.

సేబన్ చేసింది న్యాయమా అని అప్పట్లో చాలామంది అడిగారు. నేను న్యాయమనే అంటాను. ఆ సాయంత్రం ఆ జట్టుకు ఆ అవసరం తీర్చడానికి హర్ట్స్ సరిపోలేదు. 13 పాయింట్లు వెనకబడ్డ జట్టుకు కావలసింది దూరం విసిరేవాడు. గెలిచాడు కాబట్టి ఈ మాట అనడం లేదు. ఆ 41 గజాల బంతి నేలపాలైనా నిర్ణయం సరైనదే అయివుండేది. కాని ఆ సాయంత్రానికి సరిపోలేదన్న మాట తెల్లవారేసరికి ఏమైందో చూడండి: "హర్ట్స్ బంతి విసరలేడు", "క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు, ఇంకేదైనా చోట ఆడించండి" అన్నారు. సగం ఆట తీర్పు యావజ్జీవ శిక్ష అయి కూర్చుంది. 19 ఏళ్ళ కుర్రాణ్ణి గురించి అంత నమ్మకంగా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఆ తమలపాకుల మేనత్తగారే నయమనిపిస్తుంది. ఆవిడ కనీసం ప్రశ్నార్థకం వుంచుతుంది.

2018లో వసంతమంతా ఆ కుర్రాడు ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. కొడుక్కి చోటు లేకపోతే వెళ్ళిపోతాడని తండ్రి పత్రికలవాళ్ళతో తెగేసి చెప్పాడు. తండ్రే కాదు, ఆటతెలిసిన కోచ్ కూడా ఆయన. ఆగస్టులో హర్ట్స్ నోరు విప్పి, నీకెలా వుందని ఈ కోచ్‌లలో ఒక్కరూ నన్నడగలేదని విలేకరుల ముందు అన్నాడు. గుండెలో ఏడు నెలలు దాచుకున్న మాట అది. అంత అని కూడా వెళ్ళలేదు. డిగ్రీ పూర్తిచేసుకోవాలని వుండిపోయాడు, టువా వెనక రెండోవాడిగా. పోయి పోయి తాను విసరలేడన్న విద్యనే సాధన చేశాడు.

2018 డిసెంబరు 1. మళ్ళీ అట్లాంటా, మళ్ళీ అదే స్టేడియం, మళ్ళీ అదే జార్జియా. కల్పించి రాస్తే ఈ పత్రిక సంపాదకులు సీరియల్లోంచి కొట్టేసేవారు. టువా చీలమండకు దెబ్బతగిలింది. 28-21తో వెనకబడి, పదకొండు నిమిషాలు మిగిలివుండగా హర్ట్స్‌ను దింపారు. తొమ్మిది బంతులు విసిరితే ఏడు చేరాయి. ఒకటి గెలుపుగీత దాటింది. ఇంక నిమిషం నాలుగు సెకన్లు వుందనగా తానే 15 గజాలు పరుగెత్తి ముగించాడు. 35-28. ఏ లోపం వుందని పక్కన కూర్చోబెట్టారో ఆ పని చేసే గెలిపించాడు.

ఆ సాయంత్రం మా మేనల్లుడు వరంగల్ అబ్బాయికి పులిహోర చేసి పెట్టాడట.

ఇప్పుడైతే ఇది జరగదు. 2018నాటి నిబంధనల ప్రకారం డిగ్రీ పూర్తికాని ఆటగాడు యూనివర్సిటీ మారితే ఏడాదిపాటు ఖాళీగా కూర్చోవలసివచ్చేది. ఆ కట్టు 2021లో సడలింది, 2024లో ఇంచుమించు పూర్తిగా పోయింది. 2021 జులైనుంచి ఆటగాళ్ళు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వవచ్చు. ఇది మంచికే. కోచ్‌కు కోట్లూ పిల్లవాడికి భోజనం టిక్కెట్లూ అనే లెక్క ఎన్నాళ్ళో నిలిచేది కాదు. కాని పక్కన కూర్చోబెట్టిన రాత్రే పది యూనివర్సిటీలు పిలుస్తుంటే, ఏ హర్ట్స్ పదకొండు నెలలు కూర్చుంటాడు? కూర్చోమని చెప్పే హక్కు మనకు లేదు. ఆ డిసెంబరు సాయంత్రాలు మాత్రం ఇక రావు. పైగా వాడికి ముట్టే సొమ్ము ఎంతో జనానికి ఇప్పుడు తెలుసు గనుక తిట్టేవాళ్ళకు మొహమాటం కూడా పోయింది.

డిగ్రీ చేతికొచ్చాక హర్ట్స్ 2019లో ఓక్లహామాకు మారి, హైస్‌మన్ బహుమతికి రెండోవాడుగా నిలిచాడు. ఆ ఏడాది చివరి ఆట మళ్ళీ ఆ అట్లాంటా స్టేడియంలోనే. అక్కడ 63-28తో చిత్తుగా ఓడాడు. 2020లో వృత్తి జట్లు ఆటగాళ్ళను ఎంచుకునే రోజున టువాను మయామీ అయిదోవాడుగా తీసుకుంది. హర్ట్స్ పేరు 53వది. తీసుకున్న ఫిలడెల్ఫియా జట్టుకు అప్పటికే ఖరీదైన క్వార్టర్‌బ్యాక్ ఒకడున్నాడు. ఇతనెందుకని ఆ ఊరు మండిపడింది. 2023 ఫిబ్రవరిలో ఆ జట్టును సూపర్‌బౌల్ దాకా తీసుకెళ్ళి 38-35తో ఓడాడు. 2025 ఫిబ్రవరి 9న న్యూఆర్లియన్స్‌లో 40-22తో గెలిచి, ఆ ఆటకు శ్రేష్ఠుడనిపించుకున్నాడు. 22 బంతులు విసిరితే 17 చేరాయి. టువా ఈలోగా తలకు దెబ్బలమీద దెబ్బలు తిని, అతను ఆట మానెయ్యాలా వద్దా అనే చర్చ పాలయ్యాడు. ఆ రోజు గెలిచినవాడికీ కూర్చున్నవాడికీ దారులు ఎలా పోయాయో ఎవరైనా ఊహించామని చెబితే నమ్మకండి.

టస్కలూసాలో రచ్చ మాత్రం ఆగలేదు. 2023 సెప్టెంబరులో టెక్సస్ చేతిలో ఓడగానే జేలెన్ మిల్రో అనే క్వార్టర్‌బ్యాక్‌ను సేబన్ ఒక ఆట పక్కన కూర్చోబెట్టారు. ఈ కుర్రాడి పేరు కూడా జేలెన్ కావడం చిత్రం. ఆ ఒక్క ఆటలో ఇద్దరిని ఆడించి, గెలిచి కూడా, మరుసటి వారం మళ్ళీ మిల్రోనే దింపారు. ఆ డిసెంబరులో అదే అట్లాంటాలో అతడు జార్జియాను 27-24తో ఓడించాడు.

మా మేనల్లుడు ఇప్పుడు డాలస్‌లో, వరంగల్ అబ్బాయి షార్లెట్‌లో వుంటున్నారు. ఇద్దరూ పిల్లల తండ్రులు. ఆ సెప్టెంబరు వారమంతా ఇద్దరికీ మాటల్లేవని మేనల్లుడి భార్య మా ఆవిడకు చెప్పింది. ఈసారి మిల్రోను మార్చి తీరాలన్నవాడు వరంగల్ అబ్బాయి. వీల్లేదన్నవాడు మావాడు.